పదో తరగతి తర్వాత మళ్లీ లెక్కలు: క్యాట్ కోసం నా పది నెలలు

2024 జనవరి 21, ఆదివారం. వసారాలో కుర్చీ వేసుకుని, ఫోన్‌లో అలారం పెట్టుకుని, అంతకుముందు ఏడాది ఐఐఎంలలో ఎంబీయే సీట్ల కోసం పెట్టిన క్యాట్‌లో ఇచ్చిన లెక్కల పేపరు చేయడానికి కూర్చున్నాను. 22 ప్రశ్నలు, 40 నిమిషాలు. తొమ్మిది ప్రశ్నలకు జవాబులు పెట్టాను. రెండు కరెక్టు, అంటే ఆరు మార్కులు. ఆరు తప్పు, ఒక్కోదానికి ఒక మార్కు కోత. మిగిలినది ఆప్షన్లు లేకుండా జవాబు మనమే టైపు చేయాల్సిన ప్రశ్న. అదీ తప్పే గానీ దానికి కోత ఉండదు. ఆరులోంచి ఆరు పోతే సున్నా. ఆ నలభై నిమిషాలూ పడుకున్నా అదే మార్కు వచ్చేది.

"ఎన్నొచ్చాయే?" అని వంటింట్లోంచి అమ్మ అడిగింది. "ఇంకా చూసుకోలేదమ్మా" అన్నాను.

ఇదంతా సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు పెట్టిన చిచ్చు. కనుమ రోజు భోజనాల దగ్గర నేను ఎంబీయే మాట ఎత్తితే, "చేస్తే ఐఐఎంలోనే చెయ్యి, క్యాట్ రాయి, నవంబరు దాకా టైముంది కదా" అన్నాడు అన్నయ్య. అని, గారెలు తినేసి పడుకున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. 2015లో తెలుగు మీడియంలో పదో తరగతి అయింది. లెక్కలు తప్పించుకోవడానికే ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నాను, ఆ తర్వాత బీకాం. ఇప్పుడు రోజూ పంటు ఎక్కి గోదావరి దాటి, నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో అకౌంట్లు రాస్తాను. జీతం 14,000. "అకౌంటెంట్‌వి, నీకు లెక్కలు రాకపోవడమేంటి?" అని అడగనివాళ్లు లేరు. నేను చేసేవి కూడికలు, తీసివేతలు. అవి కూడా నేను చేయను, ట్యాలీ సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

మొదటి తప్పు లెక్కల్లో కాదు, డబ్బు దగ్గర జరిగింది. ఫిబ్రవరి 3న ఒక ఆన్‌లైన్ కోర్సుకు 8,500 కట్టేశాను. దాచుకున్న డబ్బులో సగానికి పైగా అదే. మొదటి క్లాసులోనే ఆ సారు "ఇది మీ అందరికీ తెలిసిందే కదా" అంటూ వర్గ సమీకరణం మూలాల మొత్తం, లబ్ధం గురించి రెండు వాక్యాల్లో తేల్చేసి షార్ట్‌కట్‌లోకి వెళ్లిపోయారు. నాకు తెలిసిందే కాదు. అసలు సంగతి తెలియనివాళ్లకు షార్ట్‌కట్ ఇస్తే ఊరు తెలియనివాళ్లకు అడ్డదారి చెప్పినట్టే ఉంటుంది. నచ్చకపోతే ఏడు రోజుల్లో డబ్బు వాపసు అన్నారు కదా అని ఆరో రోజున మెయిల్ పెట్టాను. రెండు వీడియోల కంటే ఎక్కువ చూసినవాళ్లకు అది వర్తించదని జవాబు వచ్చింది. నేను మూడు చూశాను. ఆ షరతు ఎక్కడుందా అని వెతికితే, డబ్బు కట్టే పేజీలో అడుగున బూడిద రంగు అక్షరాల్లో ఉంది.

నాకు పనికొచ్చింది ఒక్క రూపాయి ఖర్చు లేని పుస్తకం. పక్కింటి బాబు ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. అదే పేరా రెండు భాషల్లో పక్కపక్కనే ఉండడం నాకు డిక్షనరీ అయింది. గ.సా.భా, క.సా.గు అని నేర్చుకున్న దాన్ని, హెచ్‌సీఎఫ్, ఎల్‌సీఎం అని కనిపించగానే గుర్తుపట్టడానికి వారం పట్టింది. "అట్ మోస్ట్", "నాట్ లెస్ దేన్" లాంటివి ఇంకా మొండివి. వాటిని తెలుగులో "మించకుండా", "తగ్గకుండా" అని పక్కన రాసుకున్నాక గానీ చేతికి రాలేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ముంచింది ఒకే మాట, ఇంటీజర్. మన పుస్తకాల్లో పూర్ణాంకాలు వేరు, పూర్ణసంఖ్యలు వేరు. పూర్ణాంకాలు సున్నా నుంచి పైకి. పూర్ణసంఖ్యల్లో రుణ సంఖ్యలూ ఉంటాయి. ఇంటీజర్ అంటే పూర్ణసంఖ్య. నా బుర్రలో మాత్రం ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఎక్స్ స్క్వేర్ 10 కంటే తక్కువ అయ్యే పూర్ణసంఖ్యలు ఎన్ని అంటే, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి 3 అని రాశాను. మైనస్ మూడు నుంచి మూడు దాకా, మధ్యలో సున్నాతో కలిపి ఏడు. ఈ తప్పు ఎన్నిసార్లు చేశానో ముందు ముందు చెబుతాను, నవ్వుకోవచ్చు.

ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ పొద్దున్న నాలుగున్నరకు లేచి ఇదే పని. ముప్ఫై దాకా ఎక్కాలు, ముప్ఫై దాకా వర్గాలు, భిన్నాలను శాతాల్లోకి మార్చడం. ఏడో వంతు 14.28, తొమ్మిదో వంతు 11.11, పదకొండో వంతు 9.09. వంటింట్లో గ్యాస్ పొయ్యి పైన గోడకు కాగితం అంటించాను. నెల తిరిగేసరికి అమ్మకు కూడా వచ్చేశాయి. "పన్నెండో వంతు ఎనిమిదీ ముప్ఫై మూడు" అని పప్పులో పోపు వేస్తూ అనేది. మా అమ్మకు నేను రాసేది బ్యాంకు పరీక్ష అని చివరిదాకా నమ్మకం. వీధిలో అందరికీ అదే చెప్పింది.

మార్చి 31న అదే పేపరు మళ్లీ చేశాను. ఏడు మార్కులు. చేసిన పేపరే కాబట్టి దాన్ని కూడా లెక్కలోకి తీసుకోకూడదు నిజానికి.

ఏప్రిల్‌లో మా మావయ్య వచ్చిన సాయంత్రం గురించి కాస్త వివరంగా రాయాలి. ఆయనకు అంతర్వేది వైపు రెండు రొయ్యల చెరువులు. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. నేను వసారాలో సగటు వేగం లెక్కతో కుస్తీ పడుతున్నాను. కారు వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60. సగటు వేగం ఎంత? జవాబు 48 అని తెలుసు. సూత్రం బట్టీ పట్టాను. కానీ 50 ఎందుకు కాకూడదో మాత్రం ఎక్కడం లేదు. ఎక్కకపోవడం వల్ల ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే చాలు, తప్పు చేసేదాన్ని.

మావయ్య కాగితంలోకి తొంగి చూసి, "మొన్న రెండు చెరువులూ పట్టుబడి చేశాం. ఒకదాంట్లో 40 కౌంటు, ఇంకోదాంట్లో 60 కౌంటు. రెండూ కలిపేస్తే ఎంత కౌంటు పడుద్దే?" అన్నాడు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, ఇది మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు.

"యాభై" అన్నాను.

"ఏది సమానం? కిలోలా, రొయ్యలా?"

నేను మాట్లాడలేదు. ఆయన నా పెన్ను తీసుకుని అంచున గీశాడు. ఇందులో కిలో, అందులో కిలో వేస్తే 40, 60 కలిపి వంద రొయ్యలు, రెండు కిలోలు, కాబట్టి యాభై. ఇందులో 120 రొయ్యలు, అందులో 120 రొయ్యలు వేస్తే? ఇవి మూడు కిలోలు తూగుతాయి, అవి రెండు కిలోలు. 240 రొయ్యలు, ఐదు కిలోలు. "నలభై ఎనిమిది. యాభై కౌంటు రేటు ఇస్తానన్నవాడికి నలభై ఎనిమిది సరుకు ఇచ్చామనుకో, కొంప మునిగినట్టే కదా" అని, టీ తాగేసి వెళ్లిపోయాడు. కౌంటు తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ మరి.

కారు లెక్కలో సమానమైనది దూరం. అందుకే 48. అదే కారు ఒక గంట 40 వేగంతో, ఇంకో గంట 60 వేగంతో పోతే సమానమైనది కాలం, అప్పుడు 50. నేను రెండు నెలలుగా సూత్రాలు పట్టుకుని వేలాడుతున్నాను గానీ ఈ ప్రశ్న ఒక్కసారీ వేసుకోలేదు. ఆ రాత్రి నోట్సు మొదటి పేజీలో "ఏది సమానం?" అని పెద్దగా రాసుకుని, పాత తప్పుల్ని మళ్లీ తీశాను. నష్టానికి అమ్మడం, ధర పెరిగితే వాడకం తగ్గించడం, ఇద్దరు కలిసి పని చేయడం, అన్నిటిలోనూ ఏదో ఒకటి కదలకుండా కూర్చుని ఉంటుంది. అది దొరికితే మిగతావి నిష్పత్తులే.

పంటు మీద ఇది బాగా అలవాటైంది. దాటడానికి పావుగంట కూడా పట్టదు, కానీ బళ్లు, జనం నిండేదాకా రేవులో పది, ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ టైములో రోజుకు మూడు లెక్కలు, పెన్ను లేకుండా. ఒక పడవ ప్రవాహం వెంట నాలుగు గంటల్లో వెళ్లిన దూరం, ఎదురుగా వచ్చేటప్పుడు ఆరు గంటలు పట్టింది. ప్రవాహ వేగం గంటకు రెండు కిలోమీటర్లు. నిలకడ నీటిలో పడవ వేగం ఎంత? దూరం సమానం కాబట్టి వేగాలు తిరగబడి 3:2. రెండు వేగాల మధ్య తేడా ఎప్పుడూ ప్రవాహ వేగానికి రెట్టింపు, అంటే నాలుగు. ఒక భాగం నాలుగైతే వేగాలు 12, 8. పడవది 10. ఎక్స్ కూడా అక్కర్లేదు. మా రేవు దగ్గర పోటు వేళ నీరు పైకి ఎక్కుతుంది, పాటు వేళ సముద్రం వైపు దిగుతుంది. ప్రశ్న రాసినాయన ఒకసారి ఇక్కడ పంటు ఎక్కి ఉంటే ప్రవాహ వేగం రెండు అని అంత ధీమాగా రాసేవాడు కాదు.

అన్నిటికీ ఈ మంత్రం పనిచేయదు, అది కూడా చెప్పాలి. లాగరిథమ్స్ విడిగా మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ప్రస్తారాలు, సంయోగాలు మూడు వారాలు ప్రయత్నించి వదిలేశాను. జామెట్రీలో త్రిభుజాల దగ్గర ఆగిపోయాను. పాత పేపర్లు చూస్తే అంకగణితం, బీజగణితం కలిపే పేపరులో పెద్ద భాగం లాగేస్తున్నాయి. నా టైముకు అవే ఎక్కువ.

మే నెల పోయినట్టే. 13న పోలింగు, అంతకుముందు రెండు వారాలు ఏ వీధిలో చూసినా మైకు బళ్లు. ఎండ సంగతి సరేసరి, కరెంటు పోతే వసారాలో కూడా కూర్చోలేం. ఆ నెలలో చేసిన ప్రశ్నలు వంద కూడా ఉండవు.

జూన్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను, 16,000. అప్పటిదాకా ఫోన్‌లోనూ, కాగితం మీదా చేస్తున్నాను. పరీక్ష కంప్యూటర్ మీద. ప్రశ్న స్క్రీన్ మీద ఉంటుంది, రాసేది కింద కాగితం మీద. తలెత్తి చదివి, దించి రాసే లోపు 36 కాస్తా 63 అయిపోయేది. ఇది ఫోన్‌లో చేస్తే తెలియదు. ఇంకో సంగతి, స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు. అది విని సంబరపడ్డాను. దాని బటన్లు మౌస్‌తో ఒక్కొక్కటీ నొక్కాలి. 17ను 23తో గుణించడానికి నాకు క్యాలిక్యులేటర్‌తో తొమ్మిది సెకన్లు పట్టింది, కాగితం మీద ఆరు. ఎక్కాల కాగితం గోడ మీదే ఉంచాను.

ల్యాప్‌టాప్ డబ్బు నాన్న ఊళ్లోనే రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. కొబ్బరి కాయల వ్యాపారం, ఆయనకు వడ్డీ లెక్క నోటి మీదే. "నెలకి మూడొందల ఇరవై. నవంబరులో తీర్చేస్తే పదహారొందలు." అదే లెక్క నేను పీటీఆర్ బై హండ్రెడ్ అని రాస్తే, నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం, ఐదు నెలలు అంటే పన్నెండింట ఐదో వంతు, అని మూడు లైన్లు. నేను లైన్లు గీస్తుండగానే నాన్న చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయారు.

ల్యాప్‌టాప్‌తో పాటే తప్పుల ఖాతా కూడా మొదలైంది. ఆఫీసులో వాడకుండా పడి ఉన్న ఎర్ర అట్ట ఖాతా పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. పాత నోట్సులోవి కూడా ఎక్కించి, ప్రతి తప్పుకూ వరస నెంబరు, తేదీ, ఎందుకు తప్పయింది అనే కాలమ్ పెట్టాను. అకౌంటెంట్ బుద్ధి.

జులై చివర్లో గోదావరికి వరద వచ్చింది, పంటు ఆపేశారు. ఆ రోజుల్లో చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి, అక్కడి నుంచి నరసాపురం. ఎదురుగా కనిపించే ఊరికి అంత చుట్టు. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. చదువు ఏమీ సాగలేదు. బస్సులో నిలబడి లెక్కలు చేయొచ్చని చెప్పేవాళ్లు మా వైపు బస్సులు ఎక్కి ఉండరు.

ఆగస్టులో రిజిస్ట్రేషన్ చేశాను, ఆ ఏడాది ఫీజు 2,500. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1,250. బీసీలకు కూడా సగమే అనుకుని అన్ని డబ్బులే అకౌంట్లో ఉంచాను. కాదట. పూర్తిగా కట్టాలి. పరీక్షా కేంద్రాల్లో మొదటిది రాజమండ్రి పెట్టాను, రెండోది కాకినాడ.

ఆగస్టు 15 సెలవు. ఆ రోజు ఖాతా పుస్తకం ముందేసుకుని లెక్క కట్టాను. అప్పటికి 418 తప్పులు. ప్రశ్న సరిగ్గా చదవక చేసినవి 171. చేతి లెక్కలో పోయినవి 96. పద్ధతి తెలియక పోయినవి 88. వదిలేయాల్సిన ప్రశ్నను పట్టుకుని పంతానికి పోయి పాడుచేసినవి 63. చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. ఆరేడు నెలలుగా నాకు పద్ధతులు రావనే ఏడుస్తున్నాను. రానివి 88. మిగతా 330 వచ్చినవే, చేజేతులా పోగొట్టుకున్నవి. మిగిలిన స్టాక్ అడిగితే అమ్మిన స్టాక్ రాశాను. ధన పూర్ణసంఖ్యలు అంటే సున్నా కలిపాను, ఉత్త పూర్ణసంఖ్యలు అంటే మైనస్‌లు మరిచాను. ఇంటీజర్ ఖాతాలో ఒక్కదానికే 29 ఎంట్రీలు.

ఆ రోజు నుంచి కొత్త వీడియోలు మానేశాను. ప్రశ్న చివరి వాక్యం ముందు చదవడం, ఏం అడిగారో కాగితం మీద తెలుగులో రెండు మాటలు రాయడం, ఆ తర్వాతే మొదటి వాక్యం. పావు నిమిషం ఎక్కువ పట్టేది. అయినా సరే.

సెప్టెంబరు 8, వినాయక చవితి మర్నాడు, మొదటి పూర్తి మాక్ టెస్ట్. టెస్టుల ప్యాకేజీ 2,400. పొద్దున్న విడిగా లెక్కల సెక్షన్ చేస్తే అప్పటికి 24, 26 మార్కులు వస్తున్నాయి. పూర్తి మాక్‌లో లెక్కలకు వచ్చినవి 9. ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. తర్వాతి ఆదివారం 11. అప్పుడు వెలిగింది. క్యాట్‌లో ముందు ఇంగ్లీషు, తర్వాత డేటా, లాజిక్కు, చివర్న లెక్కలు. ఒక్కోదానికి 40 నిమిషాలు, ముందువెనకలు మార్చుకోవడానికి వీల్లేదు. అంటే లెక్కల దగ్గరికి వచ్చేసరికి 80 నిమిషాలు బుర్ర వేడెక్కి ఉంటుంది. నేనేమో ఏడు నెలలు తెల్లవారుజామున, చల్లటి గాలిలో, కోడి కూసే వేళ ప్రాక్టీసు చేశాను.

ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్ని కాదేమో. ఆ వారం నుంచి తెల్లవారుజామున ఇంగ్లీషు చదువుకుని, లెక్కల్ని ఆఫీసు నుంచి వచ్చాక పెట్టుకున్నాను. చెప్పులు విప్పి, ముఖం కూడా కడుక్కోకుండా, అలసటతోనే నలభై నిమిషాలు. మొదటి పది రోజులు మార్కులు ఘోరం. అమ్మ అన్నం పెట్టి పిలుస్తుంటే అరిచేదాన్ని కూడా. తర్వాత మెల్లగా అలసట మీద లెక్క చేయడం అలవాటైంది.

వదిలేయడం మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. 22 చేయాలని ఎవరూ చెప్పలేదు, కానీ మన పరీక్షల అలవాటు, ఖాళీ వదిలితే తప్పు చేసినట్టుంటుంది. మొదటి పన్నెండు నిమిషాల్లో 22 ప్రశ్నలూ చదివేయడం, చదవగానే దారి కనిపించినవి మాత్రమే అప్పటికప్పుడు చేయడం, రెండో విడతలో సగం కనిపించినవి. ఇది రాసినంత సులువు కాదు. ఏడో ప్రశ్న సగంలో ఉండగా వదిలి ఎనిమిదికి వెళ్తే, ఏడు వెనక నుంచి పిలుస్తూనే ఉంటుంది. దసరా సెలవుల్లో వరసగా మూడు మాక్‌లు రాస్తే 16, 9, 13 వచ్చాయి. ఆ తొమ్మిదిలో ఒక్క ప్రశ్న మీద పదకొండు నిమిషాలు కూర్చున్నాను. ఆ రాత్రి ఖాతా పుస్తకం విసిరేశాను. అట్ట ఊడింది. మర్నాడు ఆఫీసు నుంచి టేపు తెచ్చి అంటించాను.

నవంబరు 5న అడ్మిట్ కార్డు వచ్చింది. రాజమండ్రి, మూడో స్లాట్, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర. లెక్కలు 5:50కి మొదలు. నేను రోజూ కూర్చునే టైముకు పది నిమిషాలు అటూఇటూ. తిరుపతి వెంకన్నకు అక్కడికక్కడే దండం పెట్టుకున్నాను.

అడ్మిట్ కార్డులో చదవకుండా పోయేది ఒకటుంది, నగలు, లోహపు వస్తువులు వద్దని. నా ముక్కుపుడక పదేళ్లుగా తీయలేదు. పరీక్షకు మూడు రోజుల ముందు తీయబోతే మర కదల్లేదు. కంసాలి దగ్గరికి వెళ్తే సబ్బునీళ్లు, పట్టకారు పెట్టి పావుగంట తంటాలు పడ్డాడు. ముక్కు వాచింది. యాభై రూపాయలు. పరీక్షకు రెండు వారాల ముందే ఈ పని చూసుకోండి, నాలా వాచిన ముక్కుతో వెళ్లకండి.

నవంబరు 24, ఆదివారం. తొమ్మిదింటికి బయల్దేరి రాజోలు, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేసరికి పన్నెండున్నర దాటింది. నాన్న కూడా వచ్చారు. కేంద్రం ఊరి బయట ఒక కాలేజీ, బస్ కాంప్లెక్స్ నుంచి ఆటోకి 250 అడిగాడు. గేటు బయట చెట్టు కింద పులిహోర తిన్నాం. నాలుగుంపావు తర్వాత లోపలికి రానివ్వరని మూడింటికే వెళ్లిపోయాను. లోపల పెన్ను, రఫ్ ప్యాడ్ వాళ్లే ఇచ్చారు. ఏసీ చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. చున్నీ కప్పుకుందామంటే మెడ చుట్టూ వద్దన్నారు ఇన్విజిలేటర్ మేడమ్, ఒళ్లో పెట్టుకున్నాను.

ఇంగ్లీషు ఎలా రాశానో గుర్తు లేదు. డేటా సెట్లలో ఒకటి పూర్తిగా, ఒకటి సగం. 5:50కి స్క్రీన్ మారి లెక్కలు వచ్చాయి. మొదటి మూడు ప్రశ్నలూ చదివితే ఒక్కదానికీ దారి కనిపించలేదు. చెవుల్లో హోరు. నాలుగోది చదివాను. చివరి వాక్యం ముందు, తర్వాత మొదటిది. రెండు సందర్భాలు, మధ్యలో ఒకటి కదలకుండా కూర్చుని ఉంది. ఏది సమానం? కాగితం మీద 5:4 అని రాశాను, నాలుగు లైన్లలో జవాబు. ఊపిరి ఆడింది. (ప్రశ్నలు బయటపెట్టనని టిక్కు పెట్టించుకున్నారు, అందుకే ఇంతకంటే చెప్పను.) పన్నెండు నిమిషాల్లో చదవడం అవ్వలేదు, పదిహేను పట్టింది. మొత్తం పదకొండు చేశాను. ఒక ప్రశ్న దగ్గర నాలుగు నిమిషాలు ఆగిపోయాను. పాత జబ్బు. టైము చూసి వదిలాను.

బయటికి వస్తే చీకటి. నాన్న గేటు పక్కన టీ బడ్డీ దగ్గర ముగ్గురు తండ్రులతో కూర్చుని కొబ్బరి రేటు గురించి మాట్లాడుతున్నారు. "ఎలా రాశావు?" అని అడగలేదు, "ఆకలేస్తుందా?" అన్నారు. ఇల్లు చేరేసరికి పదకొండు.

డిసెంబరు మొదటివారంలో కీ చూసుకున్నాను. లెక్కల్లో ఎనిమిది కరెక్టు, ఆప్షన్లు ఉన్నవి రెండు తప్పు, టైపు చేసినది ఒకటి తప్పు. 24లోంచి రెండు పోతే 22 మార్కులు. 19న ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో 88 పర్సంటైల్ పైన, అంటే రాసినవాళ్లలో నూటికి 88 మందికి పైగా నా వెనకే. మొత్తం మీద 84, ఇంగ్లీషు కిందికి లాగేసింది. దీనికి ఐఐఎం నుంచి పిలుపు వస్తుందని నాకు పెద్దగా ఆశ లేదు. అన్నయ్య "మళ్లీ రాయి" అంటున్నాడు. ముందు మన రాష్ట్రంలో ఎంబీయే సీట్ల కోసం పెట్టే ఐసెట్ రాస్తాను, దాంట్లో తప్పుకు కోత లేదు. మిగతావి తర్వాత. ల్యాప్‌టాప్ అప్పు నాన్న చెప్పినట్టే పదహారొందల వడ్డీతో తీరిపోయింది.

ఫలితాల రోజు రాత్రి ఖాతా పుస్తకం తీసి పరీక్షలో చేసిన మూడు తప్పులూ ఎక్కించాను. 611, చేతి లెక్క. 612, వదిలేయాల్సింది. 613, టైపు చేసినది. కారణం కాలమ్‌లో ఏం రాయాలో చూద్దామని ప్రశ్న మళ్లీ చదివాను. ఇంటీజర్. మైనస్‌లన్నీ కలిపాను, సున్నా మరిచాను.